మోర్మన్ల దారిలో రెండో విడత: నావూ నుంచి ఒమాహా దాకా

మా లాంగ్ నోట్‌బుక్‌లో ఈ విడతకి 23 పేజీలు నిండాయి. 2025 జూన్ చివర్లో ఐదు రోజులు, నాలుగు రాష్ట్రాలు, ఇంటి నుంచి ఇంటికి 1,190 మైళ్లు. కారులో మేం ఐదుగురం: నేను, మా ఆయన, పాప (14), బాబు (9), రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ.

మేం ఉండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. కోవిడ్ రోజుల్లో ఇంటిల్లిపాదీ మంచాన పడితే, ఎదురింటివాళ్లు వారం రోజులు మా గుమ్మం ముందు సూప్ గిన్నె పెట్టి వెళ్లారు. మాంసం లేకుండా వండాలని వాళ్లే అడిగి తెలుసుకున్నారు. వాళ్లని అందరూ మోర్మన్లు అంటారు గానీ, సంఘాన్ని పూర్తి పేరుతో పిలిస్తే వాళ్లకి ఇష్టం. తెలుగులో అది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ఎదురింటాయన పూర్వీకులు చేతిబండి లాక్కుంటూ యూటా దాకా నడిచి వెళ్లారట. ఆ మాట విన్న రోజే పాప మ్యాప్ ముందేసుకుని కూర్చుంది. మేం రోజూ దీపం పెట్టుకునేవాళ్లం, ఆ మతంలో చేరే ఉద్దేశం లేదు. అయినా ఒహాయో నుంచి యూటా దాకా వాళ్లు వలస వెళ్లిన ఆ దారి మొత్తం చూడాలని అప్పుడే అనుకున్నాం.

మొదటి విడత 2024 జూలైలో ఒహాయోలోని కర్ట్‌లాండ్. మా ఇంటి నుంచి ఆరు గంటలు. 1836లో ప్రతిష్ఠ చేసిన వాళ్ల మొదటి దేవాలయం అక్కడుంది. చాలాకాలం అది కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే వేరే శాఖ చేతిలో ఉండేది. 2024 మార్చిలో దాన్నీ, నావూలోని కొన్ని ఇళ్లనీ కలిపి ఈ సంఘం 19 కోట్ల 25 లక్షల డాలర్లకి కొనుక్కుంది. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా లోపలికి వెళ్లి చూడొచ్చు. అమ్మకి అక్కడ గుర్తుండిపోయింది మాత్రం విట్నీ అనే ఆయన పాత కొట్టు మేడమీద గది. కాఫీ, టీ, మద్యం, పొగాకు మానమని సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ 1833లో చెప్పింది ఆ గదిలోనే. అందుకే ఈసారి అమ్మ ఫిల్టర్, కాఫీ పొడి ముందే సర్దింది. మీరు కూడా తీసుకెళ్లండి. ఇలాంటి చోట్ల కాఫీ వెతుక్కోవడం కంటే ఫ్లాస్కు మోసుకెళ్లడం సుఖం.

ఇక రెండో విడత. శుక్రవారం పొద్దున్న 6 గంటలకి బయల్దేరి పదిన్నరకి మా ఇల్లినాయిస్‌లోనే ఉన్న నావూ చేరాం. సుమారు 240 మైళ్లు, మధ్యలో ఒక్కసారే ఆగాం. ఊరు మిసిసిపీ నది వంపులో ఉంటుంది. పైన గట్టు మీద దేవాలయం, కింద పల్లంలో పాత ఊరు. మిస్సోరి నుంచి తరిమేస్తే మోర్మన్లు 1839లో ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఇదంతా బురద నేల, దోమలు, మలేరియా. ఆ బురదకి కాలవలు తీసి ఐదారేళ్లలో పదివేలు దాటిన జనాభాతో ఊరు కట్టారు.

ముందు విజిటర్స్ సెంటర్‌కి వెళ్లండి. ఇళ్లు, కొట్లు అన్నీ ఉచితం. గుర్రపు బండి షికారు కూడా ఉచితమే గానీ టికెట్ అక్కడే తీసుకోవాలి, పొద్దున్నే అయిపోతాయి. బండి ఎక్కడానికి మెట్టు ఎత్తుగా ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి చిన్న ప్లాస్టిక్ స్టూలు వెంట తీసుకెళ్లాం. అది ఐదు రోజులూ పనికొచ్చింది. ఆదివారం ఆలస్యంగా తెరుస్తారు, శుక్ర, శనివారాలు పెట్టుకుంటే మేలు. ఎండకి టోపీ, సాయంత్రం పురుగులకి ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి. ఊళ్లో పెద్ద కొట్టు లేదు, పెరుగు, కూరగాయలు కావాలంటే నది దాటి అయోవాలోని కియోకక్ వెళ్లాలి. మేం దిగిన మోటెల్లో ఫ్రిజ్ ఉంటుందని రాసి ఉంది, తీరా చూస్తే లేదు. మొదటి రాత్రికే పెరుగు పులిసిపోయింది. రెండో రోజు నుంచి పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడితో గడిపేశాం.

పిల్లలకి నచ్చింది కమ్మరి కొలిమి. పండు జుట్టాయన ఒకరు గుర్రపు నాడా మేకుని సుత్తితో కొట్టి, గుండ్రంగా వంచి, ఉంగరం చేసి బాబు చేతిలో పెట్టారు. మేకు తల పైకి పలకలా వస్తుంది, దాన్నే ప్రెయిరీ వజ్రం అంటారు. ఇంకా వేడిగానే ఉంది. బాబు దాన్ని అరచేతి నుంచి అరచేతికి మార్చుకుంటూ బయటికొచ్చాడు. ఇటుక బట్టీ దగ్గర చిన్న ఇటుక ఇచ్చారు, బేకరీలో అల్లం బిస్కెట్ పెట్టారు. ఈ పనులన్నీ చేసేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు, ఎక్కువమంది రిటైరైన దంపతులు. మా ఊరు అడిగి తెలుసుకున్న ఒకావిడ, భారతదేశంలో తమ మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడిందని చెప్పి మురిసిపోయింది. స్టేక్ అంటే కొన్ని సంఘాలు కలిసిన ఒక విభాగం.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది సంఘం తొలి పెద్దల్లో ఒకరైన హీబర్ కింబల్ ఇంటి దగ్గర. ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇల్లు, గోడలో పొదిగిన రాయి మీద ఆయన పేరు పొడి అక్షరాలు, 1845 అని సంవత్సరం. అంత శ్రద్ధగా కట్టుకున్న ఇంట్లో ఆ కుటుంబం ఉన్నది నాలుగు నెలల పైన కొద్ది రోజులే. 1846 ఫిబ్రవరిలో ఊరు వదిలి బండ్లు కట్టారు. పాప వెంటనే అడిగింది: "వెళ్లిపోవాలని తెలిసి కూడా ఎందుకు కట్టారు?" చుట్టుపక్కల జనం తరుముతుంటే, 1845 చివర్లో వాళ్ల పెద్దలు వసంతానికి ఊరు వదిలేస్తామని ఒప్పుకున్నారు. అయినా దేవాలయం పని ఆపలేదు. చాలామంది నది దాటేశాక, 1846 మే 1న దానికి బహిరంగంగా ప్రతిష్ఠ చేశారు. రెండేళ్లకి ఎవరో నిప్పు పెట్టారు, 1850లో సుడిగాలికి గోడలు కూలాయి. ఇప్పుడు గట్టు మీద కనిపించేది 2002లో అదే నమూనాలో మళ్లీ కట్టింది.

పాప ప్రశ్నకి గైడ్ కంటే ముందు అమ్మ జవాబు చెప్పింది. అమ్మ పుట్టిల్లు దేవీపట్నం మండలంలో, గోదావరి ఒడ్డున. పోలవరం ముంపులో పోయింది. "ఖాళీ చెయ్యాలని నోటీసులు వచ్చిన ఏడు కూడా సంక్రాంతికి మీ తాతయ్య తమ్ముడు ఇంటికి సున్నం వేయించాడమ్మా. ఎందుకురా అంటే, ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇల్లు ఇల్లే కదా అన్నాడు." ఇక్కడ తరిమింది మనుషులు, అక్కడ ముంచింది ప్రాజెక్టు నీళ్లు, రెండూ ఒకటని నేను అనను. కానీ అమ్మ ఆ గుమ్మం పట్టుకుని నిలబడి మాట్లాడుతుంటే, పుట్టిల్లు పోయాక ఆ ఊరి గురించి తను ఇంతసేపు మాట్లాడ్డం నేను మొదటిసారి విన్నాను. ఈ ఇంటిని 1954లో కింబల్ మునిమనవడైన డాక్టర్ ఒకాయన కొని బాగు చేయించుకోవడంతోనే పాత నావూ మళ్లీ లేవడం మొదలైందని గైడ్ చెప్పారు. అది తెలుగులో చెప్పగానే అమ్మ "అదృష్టవంతులు, నేలైనా మిగిలింది" అంది.

సాయంత్రం పార్లీ వీధి చివరిదాకా నడిచాం. బండ్లు నదిలోకి దిగిన దారి అదే. పక్కనంతా ఆనాటి డైరీల్లోని మాటలు చెక్కిన ఫలకాలు. సూర్యుడు నదికి అవతల, అయోవా వైపు దిగుతాడు, ఫొటోలకి ఎనిమిది దాటాక రండి. దేవాలయం లోపలికి మాత్రం సభ్యులు కానివాళ్లని పంపరు. చుట్టూ తిరిగి, సూర్యుడి ముఖం చెక్కిన రాళ్లు చూసి రావచ్చు.

శనివారం మధ్యాహ్నం కార్తేజ్ జైలు. హైవే 96 మీద నది పక్కనే పోయే మొదటి 12 మైళ్లు మొత్తం ప్రయాణంలోనే అందమైన రోడ్డు. తమని విమర్శించిన పత్రిక అచ్చు యంత్రాన్ని నావూ పెద్దలు పగలగొట్టించారు. ఆ గొడవలోనే జోసెఫ్ స్మిత్, అన్న హైరమ్ ఈ జైలుకి వచ్చారు. 1844 జూన్ 27న మొహాలకి నల్లరంగు పూసుకున్న గుంపు మెట్లెక్కి వచ్చి ఇద్దర్నీ చంపింది. పైగది తలుపులో గుండు దూసుకెళ్లిన రంధ్రం ఇంకా ఉంది. బాబు వేలు పెట్టబోయి, తనే వెనక్కి తీసుకున్నాడు. మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ మధ్యలో ఆగి ఆగి ఎక్కింది. తిరిగొస్తూ పాప బహుభార్యాత్వం గురించి అడిగింది. స్మిత్ కాలంలోనే అది గుట్టుగా మొదలైంది, సంఘం వదిలేస్తున్నట్టు ప్రకటించింది 1890లో. నావూలో గైడ్‌ని అడిగితే ఆవిడా దాచకుండా చెప్పింది. పిల్లలు ఇలాంటివి అడిగితే దాటవెయ్యకండి, ఈ చరిత్రలో అది పెద్ద భాగం.

ఆదివారం మిస్సోరిలోని లిబర్టీకి నాలుగు గంటల పైన డ్రైవ్. రోడ్డు ఖాళీ, సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అక్కడి జైలుని ఒక భవనం లోపల మళ్లీ కట్టి, సగానికి కోసినట్టు చూపిస్తారు. బయట రాతి గోడ, లోపల దుంగల గోడ, రెంటి మధ్య విడి రాళ్లు, మొత్తం నాలుగడుగుల మందం. కింది కొట్టు పద్నాలుగు అడుగుల చదరం, పైకప్పు ఆరడుగులు. ఆరడుగుల మా ఆయన దాని ముందు నిలబడి తల వంచుకుని చూసుకున్నారు. నావూకి రాకముందు, 1838-39 చలికాలంలో నాలుగు నెలలు జోసెఫ్ స్మిత్, ఆయన వెంటవాళ్లు అందులో ఖైదీలుగా ఉన్నారు. మోర్మన్లని రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి లేదా తుడిచిపెట్టాలి అని మిస్సోరి గవర్నర్ 1838 అక్టోబర్‌లో ఉత్తర్వు ఇచ్చాడు. దాన్ని రద్దు చేసింది 1976లో. ఆ రెండు సంవత్సరాలనీ పాప నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసి కింద గీత గీసింది.

దగ్గర్లోని ఇండిపెండెన్స్ ఊళ్లో గంటన్నర చాలు. కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ వాళ్ల దేవాలయం మీద శంఖంలా మెలితిరిగిన శిఖరం చూశాం, రాత్రికి అక్కడే ఉండిపోయాం.

సోమవారం ఒమాహా, మూడు గంటలు. నావూ వదిలినవాళ్లు 1846-47 చలికాలం తలదాచుకున్న వింటర్ క్వార్టర్స్ ఇక్కడే. ఆకలికి, జబ్బులకి వందలమంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. శ్మశానంలో 1936 నాటి కంచు విగ్రహం ఉంది. బిడ్డని పూడ్చిన గుంట ముందు నిలబడ్డ తల్లీ తండ్రీ, గాలికి ఎగురుతున్న వాళ్ల బట్టలు. అమ్మ ఇక్కడేం మాట్లాడలేదు. స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చుంది. రోడ్డు అవతల మ్యూజియంలో పిల్లలు లాగి చూడ్డానికి చేతిబండి ఉంది, బాబు చెల్లెలు లేదని అక్కనే అందులో కూర్చోబెట్టాడు. మంగళవారం ఇంటికి ఏడు గంటలు, అంతా ఐ-80.

ఇప్పటికి మా జాబితాలో 14కి 8 అయ్యాయి. మిగిలినవాటిలో వ్యోమింగ్‌లోని మార్టిన్స్ కోవ్, యూటాలోని సాల్ట్ లేక్ సిటీ ముఖ్యం. సాల్ట్ లేక్ దేవాలయం కట్టడానికి 1853 నుంచి 1893 దాకా 40 ఏళ్లు పట్టింది. ఇప్పుడు మరమ్మతులు నడుస్తున్నాయి. అవి పూర్తయ్యాక, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అందరినీ లోపలికి రానిస్తామని సంఘం ప్రకటించింది. ఆ తర్వాత మళ్లీ సభ్యులకే. కాబట్టి మూడో విడత 2027 జూన్‌లో, వ్యోమింగ్ మీదుగా. అమ్మ వీసాకి ఇంకా టైముంది. ఈసారి ఐస్ పెట్టె కూడా కొనాలి.