బావిలో లైట్లు: జనవరి నుంచి జూన్ దాకా

జనవరిలో ఒలింపస్ టీజీ-6 కెమెరా సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, హౌసింగ్‌తో సహా, అంటే కెమెరాను పెట్టి మూసే, నీళ్ళు చొరని డబ్బా. వానాకాలం పోయాక మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి డైవింగ్‌కు పోయి నీళ్ళ కింద ఫోటోలు తీయాలని నా ఆశ. అక్కడ ఒక్కో డైవ్‌లో నీళ్ళ కింద ఉండేది కాసేపే, ఆ కాసేపట్లో లైటు ఎటు తిప్పాలా అని తడుముకుంటూ ఉంటే పెట్టిన డబ్బంతా నీళ్ళపాలే, అందుకని లైటు సంగతి ముందు ఇక్కడే తేల్చుకోవాలనుకున్నా. అనంతపురంలో సముద్రం లేదు గానీ గార్లదిన్నె వైపు మా మేనమామ చీనీ తోటలో రాతి బావి ఉంది. చాలా ఏళ్ళు ఎండిపోయి కంప పెరిగిన బావి, పక్కన చెరువు నిండడం మొదలయ్యాక ఊట తిరిగొచ్చి ఇప్పుడు మూడు నిలువుల నీళ్ళున్నాయి. జిలేబీ చేపలు, కప్పలు, అప్పుడప్పుడు ఒక నీరుకట్టె పాము. నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి.

ముందే ఒక మాట. బావిలోకి దిగే ముందు మోటరు స్టార్టర్ ఆపితే చాలదు, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోవాలి, నీళ్ళలోకి కరెంటు వస్తే చెప్పి రాదు. నడుముకు తాడు, ఆ తాడు చివర పైన ఒక మనిషి. మా మామ కొడుకు ప్రతిసారీ మెట్ల మీద కూర్చునే ఉంటాడు, వాడు రాని రోజు నేను దిగలేదు. ఊపిరి బిగబట్టి ముప్పై నలభై సెకన్లు, అంతే, ఎక్కువసేపు ఉండాలని గబగబా ఊపిరి పీల్చి వదలడాలు అస్సలు చేయొద్దు, నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది.

జనవరి నెలంతా హౌసింగ్‌తోనే సరిపోయింది. ఈ కెమెరా హౌసింగ్ లేకుండానే 15 మీటర్ల లోతు తట్టుకుంటుంది, హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. అయినా మొదటిసారి కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ కాగితం మడిచి పెట్టి, తోటలోని సిమెంటు తొట్టిలో రాయి కట్టి అరగంట ముంచాను. తీస్తే కాగితం ఒక మూల తడి. ఓ-రింగ్, అంటే మూత సందులో నీళ్ళు రాకుండా ఆపే రబ్బరు రింగు, తీసి ఎండకు పట్టి చూస్తే శెనక్కాయ లోపలి ఎర్ర పొట్టు ముక్క, గోరులో సగం కూడా లేదు, రబ్బరుకు అతుక్కొని ఉంది. కళ్ళంలో నుంచి గాలికి ఎగిరొచ్చినట్టుంది. అప్పటి నుంచి హౌసింగ్ మూసేది ఇంట్లోనే, ఫ్యాను ఆపి, తడిగుడ్డతో చేతులు తుడుచుకొని. రింగుకు కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ రింగు మెరిసేంత పలుచగా. వేజిలైన్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడైపోవచ్చు.

ఫిబ్రవరిలో మొదటి లైటు కొన్నాను, అక్కడే తప్పు చేశాను. 2,300 రూపాయలు, 2,000 ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే కొలత) అని రాసుంది, డైవింగ్ టార్చి. ల్యూమెన్లు చూశాను గానీ బీమ్, అంటే బయటికొచ్చే వెలుతురు, ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చూడలేదు. డైవింగ్ టార్చి అంటే దూరంగా, సన్నగా, ఈటెలా పోవడానికి చేసింది, ఫోటోలో చేప పొట్ట మీద తెల్లటి గుండ్రటి మచ్చ, తల తోక రెండూ చీకట్లో. ఫోటోకు కావలసింది కనీసం 100 డిగ్రీలు పరుచుకునే లైటు. ఇంకొకటి, డబ్బా మీద రాసిన కోణం గాలిలోదా నీళ్ళలోదా అని చూసుకోండి. ముందు చదునైన అద్దం ఉన్న లైటు గాలిలో 120 డిగ్రీలు ఇస్తే నీళ్ళలో 80 దగ్గరికి వస్తుంది, వక్రీభవనం వల్ల.

బ్యాటరీల గురించి కూడా ఇక్కడే చెప్తా. ఆ టార్చితో వచ్చిన 18650 సైజు ఛార్జింగ్ సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) అని రాసుంది. ఆ సైజు సెల్లులో నిజంగా పట్టేది 3,500 చుట్టుపక్కలే, అంతకు మించి పెద్ద అంకె కనిపిస్తే ఆ సెల్లు ముట్టుకోవద్దు. నాకు పద్దెనిమిది నిమిషాలకే లైటు మసకబారింది.

మార్చిలో వెడల్పు బీమ్ ఉన్న వీడియో లైటు కొన్నా, 2,500 ల్యూమెన్లు, 6,800 రూపాయలు. దాన్ని పరీక్షించడానికి పాతూరు బజారులో గాజులు కొన్నాను: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగు ఐదేసి. నూలు తాడుకు మీటరుకు ఒక గుత్తి చొప్పున ఐదు గుత్తులు కట్టి, కింద రాయి కట్టి బావిలోకి దించాను. ఈ పని మాత్రం ప్రతి ఒక్కరూ చేసి చూడాలి, చదివి తెలుసుకునేది వేరు. ఒక మీటరు దగ్గర ఎర్ర గాజు ఎర్రగానే ఉంది. మూడో మీటరు దగ్గర పాత ఎండు మిరపకాయ రంగు. ఐదో మీటరు దగ్గర అది నల్ల గాజు, దాని పక్కనున్న నీలం గాజు కూడా నల్లగానే కనిపిస్తోంది, ఆకుపచ్చ ఒక్కటే బతికుంది. తేట సముద్రంలో నీలం చాలా లోతు దాకా పోతుంది, ముందు పోయేది ఎరుపు, ఐదు మీటర్లకే చాలావరకు పోతుంది. మన బావుల్లో, చెరువుల్లో పాచి నీలాన్ని కూడా మింగేస్తుంది, అందుకే అంతా పచ్చగా ఉంటుంది. తర్వాత జానెడు దూరం నుంచి వీడియో లైటు వేశాను. ఐదో మీటరు దగ్గర, ఆ నల్ల గాజు ఒక్కసారిగా అంగట్లో చూసిన ఎరుపుకు తిరిగొచ్చింది, గాజు అంచున ఉన్న బంగారు గీత కూడా. నీళ్ళలో ఉన్నానన్న సంగతి ఒక క్షణం మర్చిపోయా.

అదే లైటు మీటరు దూరానికి జరిపితే ఎరుపు మళ్ళీ గోధుమ రంగుకు దిగింది. వెలుతురు లైటు నుంచి గాజుకు పోయే నీళ్ళు, గాజు నుంచి కెమెరాకు వచ్చే నీళ్ళు, రెండూ కలిపి లెక్క. మీటరు దూరం అంటే రెండు మీటర్ల నీళ్ళు. పైగా దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఇంకా పెద్ద లైటు కొనే ముందు ఇంకా దగ్గరికి పోవడం నేర్చుకోండి. చూపు ఆనేంత దూరంలో ఐదో వంతుకు మించి దూరం నుంచి ఫోటో తీయొద్దని ఒక లెక్క ఉంది. మా బావిలో మంచి రోజున చూపు ఒకటిన్నర మీటరు, అంటే నేను చేపకు అడుగు దూరంలో ఉండాలి.

ఇక నలకలు. మొదట లైటును హౌసింగ్ నెత్తి మీదే బిగించాను. ఫోటో నిండా తెల్ల చుక్కలు, వడగళ్ళ వానలో చేప ఈదుతున్నట్టు. మా వాడు చూసి "బావా, చేప కంటే నలకలే బాగా పడినాయి" అన్నాడు, నిజమే, ఎందుకంటే లెన్సుకూ చేపకూ మధ్య ఉన్న నీళ్ళనంతా లైటు వెలిగిస్తోంది. లైటును పక్కకు, దూరంగా పెట్టాలి. కెమెరాను, లైటు చేయిని బిగించే ట్రే కొనకుండా వెల్డింగ్ షాపులో అల్యూమినియం పట్టీ కోయించి రంధ్రాలు వేయించా, 350 రూపాయలు. దానికి ఒక అంగుళం బాల్ క్లాంపులు, రెండు కీళ్ళున్న చేయి మాత్రం కొన్నవే, వాటిలో పొదుపు చేయొద్దు, వదులైతే లైటు వాలిపోతుంది. లైటును లెన్సుకు అడుగు పక్కన, లెన్సు కంటే కాస్త వెనక్కి పెట్టి, నేరుగా చేప మీదికి కాకుండా బయటివైపుకు తిప్పి, బీమ్ అంచు మాత్రమే చేపను తాకేలా చేశాను. నలకలు ముప్పాతిక పోయాయి. మిగిలినవి నా కాళ్ళు లేపిన బురద, దానికి మందు కదలకుండా ఉండడమే.

లైటు తిప్పేటప్పుడు కన్ను మోసం చేస్తుంది. మాస్కు లోపల నుంచి చూస్తే వస్తువు ఉన్నదాని కంటే పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. కనిపించినచోటికి గురిపెడితే వెలుతురు చేప ముందున్న ఖాళీ నీళ్ళ మీద పడుతుంది. నేను రెండు వారాలు ఇదే తప్పు చేశా. అందుకే ఇప్పుడు చేప అవతల జానెడు దూరంలో ఇంకో చేప ఉందనుకొని దానికి గురిపెడుతున్నా.

ఏప్రిల్ నెలాఖరు. అనంతపురం 14.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో. మిగతా రోజుల్లో బావి గోడ నీడ ఒక పక్కన ఉంటుంది, ఆ రోజు లేదు. ఎండ నిట్టనిలువుగా అడుగు దాకా దిగి, పచ్చటి నీళ్ళలో స్తంభాల్లా నిలబడింది. వీడియో లైటు చిన్న మోడ్‌లో పెట్టి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించి, కింద నుంచి పైకి తీశా. వెనక ఎండ, ముందు చేప పొలుసుల మీద లైటు. ఇప్పటిదాకా తీసినవాటిలో నేను ప్రింటు వేయించుకున్నది అదొక్కటే.

కానీ అందులోనూ తోక చెదిరింది. వీడియో లైటుకు ఉన్న పరిమితి అదే, ఎంత ల్యూమెన్లున్నా ఫ్లాష్ ముందు బలహీనం, షట్టర్ వేగం 1/60 సెకను దగ్గర ఆగిపోతుంది, చేప ఆగదు. స్ట్రోబ్, అంటే నీళ్ళలో వాడే విడి ఫ్లాష్, దాని వెలుగు సెకనులో వెయ్యో వంతు లెక్కలో వచ్చిపోతుంది కాబట్టి కదలిక గడ్డకట్టినట్టు పడుతుంది. మే నెలలో ఇనాన్ ఎస్-2000 పాతది 14,000కు తీసుకున్నా. చిన్నది, నాలుగు డబుల్ ఏ సెల్లులు, గైడ్ నంబరు (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 20. అది గాలిలో లెక్క, నీళ్ళలో బాగా తగ్గుతుంది, అడుగు దూరానికి మాత్రం ధారాళంగా సరిపోతుంది. వెలుతురును మోసుకుపోయే ఫైబర్ కేబుల్ ద్వారా కెమెరా సొంత ఫ్లాష్‌ను చూసి వెలుగుతుంది, ఆ సొంత ఫ్లాష్ నీళ్ళలోకి పోకుండా హౌసింగ్ మీద నల్ల టేపు వేశా.

మొదటి రోజు ముప్పై ఫోటోలూ చీకటి. స్ట్రోబ్ వెలగడం కళ్ళారా చూస్తున్నా, ఫోటోలో మాత్రం లేదు. సాయంత్రం దాకా టెన్షన్. సంగతేమంటే కెమెరా ముందొక చిన్న ఫ్లాష్ కొట్టి వెలుతురు అంచనా వేసుకుని, తర్వాత అసలుది కొడుతుంది, స్ట్రోబ్ ఆ చిన్నదానికే వెలిగిపోయి, షట్టర్ తెరుచుకునే వేళకు ఖాళీ. స్ట్రోబ్‌లో ముందస్తు ఫ్లాష్‌ను లెక్కలోకి తీసుకునే మోడ్‌కు మార్చగానే సరిపోయింది. స్ట్రోబ్ ముందు వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ మూత పెడితే ఒక స్టాప్ దాకా వెలుతురు పోతుంది గానీ జిలేబీ చేప పొలుసులు అద్దంలా మెరవడం తగ్గుతుంది, అందుకే నేను ఆ మూత తీసేయడం లేదు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా అడిగితే నా జవాబు: వీడియో కూడా కావాలంటే, లేదా గోప్రోలాంటి ఫ్లాష్ లేని కెమెరా అయితే, వెడల్పు బీమ్ వీడియో లైటు ఒకటి. ఫోటోలే ముఖ్యమైతే ఒక చిన్న స్ట్రోబ్, ఒక మంచి చేయి. రెండో స్ట్రోబ్ గురించి నేత్రాణి నుంచి వచ్చాకే ఆలోచిస్తా. ఎర్ర ఫిల్టర్ ఎండలో లైటు లేకుండా తీసేవాళ్ళకు, లైటుతో పాటు వాడితే అంతా ఎర్రబారుతుంది.

జూన్ మొదటి వానకు చేలో నీళ్ళు బావిలోకి దిగి ఎర్రగా అయిపోయింది. మా వాడు పటిక వేద్దామన్నాడు, చేపలున్న నీళ్ళలో వేయడం నాకిష్టం లేక వద్దన్నా. పది రోజులుగా రోజూ సాయంత్రం గాజుల తాడు దించి చూస్తున్నాం. నిన్న మొదటి గుత్తి లీలగా కనిపించింది. అది తేటగా కనిపించిన రోజు మళ్ళీ దిగుతాం.