సోడా వేశాక మాట్లాడకూడదు

నాన్న నోట్‌బుక్‌లో పెరుగు కేకు పేజీని వెతకనక్కరలేదు. పుస్తకం తెరిస్తే తనంతట తానే అక్కడ విచ్చుకుంటుంది. వెన్న మరకలు పడీ పడీ ఆ కాగితం పలచబడింది. వెలుతురుకు పట్టి చూస్తే వెనక రాసిన బిస్కెట్ల కొలతలు అద్దంలో అక్షరాల్లా ఇటువైపుకు తేలతాయి.

చాలా నెలల తర్వాత ఈ రోజు మధ్యాహ్నం దాన్ని ముందు పెట్టుకున్నాను. 2 కప్పుల మైదా, కప్పు పంచదార, అరకప్పు వెన్న, కప్పు పెరుగు, 2 గుడ్లు, చెంచాడు సోడా. ఎన్ని డిగ్రీలో, ఎంతసేపో రాయలేదు. ‘వాసన వచ్చాక ఇంకొంచెం సేపు’ అని మాత్రం ఉంది.

కప్పు అంటే నాన్న టీ కప్పు. అది పగిలిపోకముందే ఒకసారి మైదా నింపి తూచి పెట్టుకోవడం ఎంత మంచిదైందో! 110 గ్రాములు. ఆ అంకె పేజీ అంచున నా రాతలో ఉంది. నాన్న పెన్సిల్ రాత పక్కన నా సిరా రాత ఎప్పుడు చూసినా కాస్త దూకుడుగానే కనిపిస్తుంది.

అన్నింటికంటే కింద, గీత గీసి మరీ రాశారు: ‘సోడా వేశాక మాట్లాడకూడదు.’ చిన్నప్పుడు అదేదో వ్రతనియమం అనుకుని నోటి మీద వేలు పెట్టుకుని పక్కన నిలబడేదాన్ని. పెరుగులోని పులుపు తగిలిన క్షణం నుంచే సోడా పొంగడం మొదలవుతుంది. ఆ బుడగలు పిండిలో ఉండగానే వేడి తగలాలి. కబుర్లలో పడితే గాలంతా పోయి కేకు అణిగిపోతుంది. ఈ సంగతి తెలిసి ఎన్నో ఏళ్లయింది. అయినా ఈ రోజు సోడా కలుపుతుండగా అక్క ఫోను చేస్తే తీయలేదు. పిండి మీద బుడగలు ఒక్కొక్కటే ఉబ్బి, సూదిమొనంత గుంటలు వదిలి పగులుతున్నాయి. గబగబా పళ్లెంలోకి ఒంపి ఓవెన్‌లో పెట్టేశాను.

180 డిగ్రీలు, 40 నిమిషాలు అనేది నా లెక్క. 32వ నిమిషానికే వాసన మొదలైంది. ఇంకొంచెం సేపంటే ఎంత? అడిగితే నాన్న ‘నీకే తెలుస్తుంది’ అనేవారు. అప్పట్లో ఆ మాటకు ఎంత ఉక్రోషం వచ్చేదో. ఈ రోజు గడియారం వైపు చూడకుండా లేచి పుల్ల గుచ్చాను. పొడి రవ్వ ఒకటి అంటుకుంది, తడి లేదు. పైన నడిమధ్య సన్నగా పగులు. ఆ పగులున్న ముక్కను నాన్న ఎప్పుడూ నాకే పెట్టేవారు.

ఆ తర్వాతే అక్కకు ఫోను చేశాను. ఇందాక ఎందుకు తీయలేదని అడగలేదు.

“సోడా వేశావా?” అంది.