అత్తగారి నడుము కొలత
రాయగడలో మా అత్తగారి మోకాళ్ల నొప్పి చూపించబోతే, డాక్టరుగారు మందుచీటీ కంటే ముందు టేపు తెప్పించి, కుచ్చిళ్లు కాస్త దించమని నర్సుచేత నడుము కొలిపించారు. మన దేశంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడవలసిందే. ముట్లుడిగాక కండ తగ్గి, కొవ్వు పొట్ట చుట్టూ చేరడం వల్ల, ఎప్పటిలాగే తింటున్నా ఒళ్లు వస్తుందట. అందుకని అన్నం తగ్గించి పప్పు, గుడ్డు పెంచమన్నారు గానీ, ఉన్న కండ కూడా కరిగే కటిక ఉపవాసాలు వద్దన్నారు. మా పిల్లవాడి సంగతి వేరు: ఎదిగే వయసులో బరువును ఎత్తుతో, వయసుతో కలిపి చూడాలి, వాడికి కడుపు మాడ్చడం కాదు, ట్యూషన్ల నడుమ ఆట కావాలి. (ఇద్దరినీ తిండిపోతులనే బంధువులకు ఇదెవరు చెప్పాలో!) మోకాళ్లు ఓర్చుకున్నంత మేర అత్తగారు మజ్జిగౌరి గుడివైపు నడుస్తున్నారు, బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి.