ఖాతాలో ఉన్నదంతా నిల్వ కాదు: ఒక రైతు సంస్థ లెక్కల్లో నా అనుభవం

దేవరకొండ వైపు మెట్ట రైతులతో పనిచేసే చిన్న సంస్థకు లెక్కలు చూస్తాను. మాకు డబ్బు వచ్చే కాలానికీ ఖర్చయ్యే కాలానికీ పొంతన ఉండదు. కంది కోతలయ్యాక జనవరి, ఫిబ్రవరిలోనే విత్తనం కొనిపెట్టాలి. అది రైతు చేతికి చేరేది జూన్‌లో. దాత ఇచ్చే గ్రాంటు తర్వాతి కిస్తీ మాత్రం యూసీ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం), ఆడిట్ రిపోర్టు పంపాకే వస్తుంది. మార్చి లెక్కలు మూసి, సీఏ సంతకం అయ్యేసరికి వానాకాలం సాగు మొదలైపోతుంది. ఆ మధ్య నెలల్లో జీతాలు నడిపేది నిల్వే, అంటే సంస్థ సొంతమని చెప్పుకోగల డబ్బే.

నిల్వ ఎంతో తేల్చడమే అసలు పని. ఒక మార్చి 31న పాస్‌బుక్‌లో రూ. 14,20,000 ఉంది. అందులో ప్రాజెక్టుల్లో మిగిలినవి 8,60,000. అవి దాతవి, వాటి మీద వడ్డీ కూడా చాలా ఒప్పందాల్లో ప్రాజెక్టుకే చెందుతుంది. గ్రాట్యుటీ, పీఎఫ్, టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టాల్సినవి 1,90,000. ఇక మాది అనదగ్గది 3,70,000. జీతాలు, అద్దె, కరెంటు, డీజిల్ కలిపి నెలకు 1,60,000. అంటే రెండు నెలలకు కాస్త పైన, అంతే. విత్తన బస్తాల విలువను ఇందులో కలపొద్దు. పుచ్చు పడినా, వాన వెనకబడి రైతు వేరే పంటకు మళ్లినా విత్తనం ధర రాదు, పప్పు ధరే వస్తుంది.

పన్ను మినహాయింపు కోసం నమోదైన సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాలకే ఖర్చు చేయాలి. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. కానీ చట్టం ఒప్పుకున్నా గ్రాంటు ఒప్పందం ఒప్పుకోదు, మిగిలింది తిరిగివ్వమంటుంది. కాబట్టి నిల్వ పెరిగేది స్థానిక చందాలు, శిక్షణ రుసుముల నుంచే. 15 శాతం దాటి దాచాలంటే ఏ పనికో తీర్మానంలో రాసి, రిటర్నుకు ముందే ఆదాయపు పన్ను శాఖకు ఫారం వేయాలి. ఆ పనికి ఖర్చు చేసే గడువు 5 ఏళ్లు. ‘సంస్థ ఆశయాల కోసం’ అని రాస్తే అభ్యంతరం వస్తుంది. ‘విత్తన గోదాము షెడ్డు’ అని రాయాలి. చీటీల్లో వేస్తే ఎక్కువ వస్తుందని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అది చట్టం అనుమతించిన పెట్టుబడి కాదు, మినహాయింపుకే ముప్పు.

అన్నిటికన్నా ప్రమాదం ప్రాజెక్టు డబ్బుతో జీతాలిచ్చి ‘తర్వాత సర్దుదాం’ అనుకోవడం. యూసీకీ బ్యాంకు స్టేట్‌మెంటుకూ పొసగదు, కిస్తీ ఆగుతుంది, అప్పుడు సర్దడానికి ఏమీ ఉండదు. అందుకే నిల్వకు ఖాతా వేరు. తీస్తే తీర్మానం, తిరిగి వేసే తేదీ కమిటీ సమావేశం మినిట్స్‌లో ఉండాలి. ఆ నిల్వను మూడు ఎఫ్‌డీలుగా విడగొట్టి, ఒకదాని గడువు మేలో తీరేలా పెడతాం. ఒకటి మధ్యలో తీసినా మిగతా రెండింటి వడ్డీ పోదు.