ప్రైమర్ దగ్గర పోయిన 19 రోజులు: నా రీలోడింగ్ ప్రెస్ అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నర దాకా గ్యారేజీలో కూర్చుని వరసగా 100 తూటాలు లోడ్ చేశాను, ఒక్క ప్రైమర్ (తూటా వెనక చిల్లులో కూర్చుని, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత) కూడా నలగలేదు. మూడు వారాల తర్వాత మనసు కుదుటపడింది, అందుకే మర్చిపోకముందే రాసేస్తున్నా.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. నెలకి రెండు శనివారాలు పిస్టల్ మ్యాచ్‌కి వెళ్తా, మ్యాచ్‌కి 150 దాకా అయిపోతాయి, ప్రాక్టీసు కలిపితే వారానికి 300 తూటాలు ఖర్చు. 9 ఎం.ఎం. (నా పిస్టల్ తూటా సైజు) కొనుక్కుని కాల్చడం భారమై రీలోడింగ్ మొదలుపెట్టా. అంటే కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టం (ఇక్కడ బ్రాస్ అంటారు) పారేయకుండా, దాన్ని మళ్ళీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్, పౌడర్ (మందు), బుల్లెట్ (ముందుండే గుండు) పెట్టి తూటా చేయడం. ఈ పని చేసే చేతి మిషన్నే ప్రెస్ అంటారు. సొంతానికి చేసుకుంటే ఇక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి.

ఒక మాట ముందే చెప్తా, మనవాళ్ళలో చాలామందికి ఇది తెలీదు. హెచ్-1బి మీదో, విజిటర్ వీసా మీదో ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ లాయర్‌ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. ఫెడరల్ చట్టం లెక్కలో ఖాళీ బ్రాస్, ఉత్త ప్రైమర్ కూడా మందుగుండే. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను, ఆగినందుకు ఏం నష్టం జరగలేదు. ఇండియాలో అయితే లైసెన్స్ లేకుండా ఇది చేయడమే నేరం, అక్కడున్నవాళ్ళు ఇది చదివి ప్రయత్నించకండి.

ఇక ప్రెస్ ఏది కొనాలి. దీని మీద రేంజిలో పది మందిని అడిగితే పన్నెండు సమాధానాలు. నేను లెక్క వేసుకున్నా. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒక డై (బ్రాస్‌ని ఒత్తే అచ్చు) మాత్రమే, ఒక తూటాకి హ్యాండిల్ మూడు నాలుగు సార్లు లాగాలి, ప్రతిసారీ బ్రాస్ తీసి పెట్టాలి, 300 తూటాలంటే 1200 దాకా లాగుళ్ళు. టరెట్ ప్రెస్‌లో లాగడం అంతే గానీ బ్రాస్ తీసి పెట్టే పని తప్పుతుంది, పైన డైలే తిరుగుతాయి. ప్రోగ్రెసివ్‌లో అన్ని స్టేషన్లలో ఒకేసారి పని జరుగుతుంది కాబట్టి ఒకసారి లాగితే ఒక తూటా బయటికొస్తుంది. నేను ముందు సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ అనే సింగిల్ స్టేజ్ ప్రెస్ కొన్నా. పోత ఇనుము, బండరాయిలా ఉంటుంది, ఆర్నెల్లు దాని మీదే చేతులు అరగదీసి పని నేర్చుకున్నా. ఇప్పటికీ అమ్మను. తర్వాత డిల్లన్ 550 అనే ప్రోగ్రెసివ్ కొన్నా, నాలుగు స్టేషన్లు, కింద ప్లేటు మనమే చేత్తో తిప్పాలి. చేత్తో తిప్పేదే ఎందుకంటే ప్రతి అడుగూ నా కంటి ముందు జరగాలి. కాకపోతే తిప్పడం మర్చిపోతే ఒకే గొట్టంలో రెండుసార్లు పౌడర్ పడే ప్రమాదం ఉంది, అది తుపాకీనే పగలగొడుతుంది. అందుకే లైటు పెట్టుకుని ప్రతి గొట్టంలోకి తొంగి చూశాకే బుల్లెట్ పెడతా. పౌడర్ అసలు పడకపోయినా అంతే, బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, చూసుకోకుండా ఇంకోటి కాల్చామా అంతే సంగతులు.

బల్ల బిగించడం ఒక ఆదివారం పని. రెండు ప్లైవుడ్ పలకలు కలిపి గోడలోని కట్టెలకి బోల్టులు వేశా. డైలు సెట్ చేయడం ఒక సాయంత్రం.

అసలు కథ ప్రైమర్ దగ్గర. 550లో హ్యాండిల్ కిందకి లాగితే సైజింగ్ అవుతుంది, పైకి తెచ్చి ముందుకి నెడితే కొత్త ప్రైమర్ కింద నించి గొట్టంలోకి వెళ్ళి కూర్చుంటుంది. చిన్న పప్పుబద్దంత ఉంటుంది ప్రైమర్, అందులో ఉన్నది పేలే మందు. మొదటి పది చక్కగా కూర్చున్నాయి. పదకొండోది వెళ్ళలేదు. కొంచెం గట్టిగా నెట్టా, పక్కకి ఒరిగి నలిగిపోయింది. గుండె ఝల్లుమంది, కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నా గానీ చేతులు వణికాయి. తర్వాత రెండు బాగానే వెళ్ళాయి, మళ్ళీ ఒకటి నలిగింది. ఆ రోజు 50కి 11 పాడయ్యాయి.

ఇక మొదలైంది. ప్రెస్ మొత్తం విప్పా, ప్రైమర్ పంచ్ (ప్రైమర్‌ని కింద నించి నెట్టే కడ్డీ) తుడిచా, షెల్ ప్లేట్ (బ్రాస్‌ని పట్టుకునే కింది ప్లేటు) బోల్టు వదులు చేశా, బిగించా, బల్ల ఊగుతోందేమోనని కింద ఇంకో కాలు కొట్టా. ప్రైమర్ల కంపెనీ మార్చా. ఆన్‌లైన్లో తెప్పిస్తే డబ్బా చిన్నదైనా హజ్మత్ (ప్రమాదకరమైన సరుకు) ఫీజు విడిగా పడుతుంది, అదీ కట్టా. ఏం మారలేదు. విచిత్రం ఏంటంటే పాత సింగిల్ స్టేజ్ మీద ఆర్నెల్లు చేసినప్పుడు ఈ బాధ లేనే లేదు, అందుకని తప్పు కొత్త ప్రెస్‌దేనని నా తలలో గట్టిగా పాతుకుపోయింది.

ఫోన్లో ఫోటోలు తీసుకుని ఇక్కడ ఒక షాపుకి వెళ్ళా, బ్రాస్ కూడా వాళ్ళ దగ్గరే కొన్నా, "శుభ్రం చేసిన, ఒక్కసారి మాత్రమే కాల్చిన" బ్రాస్ అని వెయ్యి సంచి. కౌంటర్లో ఉన్నాయన ఫోటో వైపు సరిగ్గా చూడలేదు. నా పేరు, నా యాస విన్నాడు. ఇది కంప్యూటర్ పని కాదు, చేతికి ఒడుపు ఉండాలి, మీలాంటివాళ్ళు ఫ్యాక్టరీ తూటాలే కొనుక్కుంటే మంచిది అన్నాడు. వెనకాల లైన్లో ఐదుగురున్నారు, ఇద్దరు నవ్వారు. నాకు నోట మాట రాలేదు. నేను ఆర్నెల్లలో ఐదు వేల పైన తూటాలు చేత్తో లోడ్ చేసి మ్యాచ్‌లో ఒక్కటి కూడా ఆగకుండా కాల్చినవాణ్ణి, ఆ మాట చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది, చెప్పలేదు. కారులో చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నా. తెలియక అడగడానికి వచ్చినవాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చే మనిషికి కౌంటర్లో నిలబడే అర్హత లేదు, ఇది ఏ ఆఫీసుకైనా ఏ షాపుకైనా వర్తిస్తుంది.

తర్వాత వారం గ్యారేజీ లైటు కూడా వేయలేదు.

మా మావయ్యగారు గ్రీన్ కార్డు మీద మా దగ్గరే ఉంటారు. విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేసిన మనిషి. ఒక రోజు పొద్దున కాఫీ గ్లాసుతో గ్యారేజీలోకి వచ్చి, పాడైనవి వేసిన డబ్బా, బాగా వచ్చినవి వేసిన డబ్బా పక్కపక్కన పెట్టుకున్నారు. పేపరు చదివే భూతద్దం తెచ్చుకున్నారు. ఒక్కోటి వెనక్కి తిప్పి, ప్రైమర్ కూర్చునే చిల్లు అంచు మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లగా తిప్పుతున్నారు. అరగంట మాట్లాడలేదు. తర్వాత పిలిచి "బాబూ, మిషన్ని తిట్టకు. ఈ పాడైనవాటన్నిటికీ చిల్లు చుట్టూ సన్నటి గీత ఉంది, అంచు లోపలికి ఒత్తుకునుంది, గోటికి తగులుతోంది చూడు. మంచివాటికి లేదు" అన్నారు.

నేను గోరు పెట్టి చూశా. తగిలింది.

అప్పుడు వెనక అక్షరాలు చదివా. గీత ఉన్న చాలావాటి మీద డబ్ల్యూసీసీ అని, సున్నాలో ప్లస్ గుర్తు. ఆ గుర్తు నాటోది. మిలిటరీ తూటాల్లో ప్రైమర్ కదలకుండా ఫ్యాక్టరీలోనే అంచుని ఒత్తేస్తారు, దాన్ని క్రింప్ అంటారు. పాత ప్రైమర్ ఊడొచ్చినా ఆ ఒత్తిన అంచు అలాగే ఉంటుంది, కొత్తది దానికి కొట్టుకుని నలుగుతుంది. దాన్ని రీమర్‌తో గీకాలి, లేదా స్వేజర్‌తో వెనక్కి ఒత్తాలి. పాత ప్రెస్ మీద ఇబ్బంది లేకపోవడానికి కారణం కూడా అప్పుడే అర్థమైంది, అప్పుడు నేను కాల్చినవాటినే ఏరుకుని వాడేవాణ్ణి, అవి మామూలు మార్కెట్ బ్రాస్. షాపు సంచిలోదే మిలిటరీది కలిసింది. వెయ్యిలో 212 ఉన్నాయి, మావయ్యగారే లెక్కపెట్టారు. సంచి మీద ఆ మాట ఒక్క ముక్క రాసుంటే నాకు ఆ 19 రోజులు మిగిలేవి.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ప్రెస్ బ్రాండు గురించి ఎంత తల బద్దలు కొట్టుకుంటారో అందులో సగం బ్రాస్ మీద పెట్టండి. సంచుల్లో కొనకండి, మీరు కాల్చినవి మీరు ఏరుకోండి. వారానికి వంద లోపు కాల్చేవాళ్ళకి ప్రోగ్రెసివ్ దండగ. పౌడర్ కొలత పౌడర్ కంపెనీ పుస్తకంలోంచే తీసుకోండి, ఎవరో చెప్పింది వద్దు. పూర్తయిన తూటా విప్పిన బ్యారెల్‌లో వేసి చూడండి, టక్కుమని పడి తేలిగ్గా తిరగాలి. చేతులు సబ్బుతో కడగండి, సీసం ఉంటుంది, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. ప్రైమర్ వెళ్ళకపోతే గట్టిగా నెట్టొద్దు, నేను చేసిన తప్పు అదే.

రీమర్ మొన్న వచ్చింది. నిన్న ముందు మావయ్యగారు నాలుగు గీకి చూపించారు, ఎంత తియ్యాలో, ఎక్కడ ఆపాలో, ఎక్కువ తీస్తే ప్రైమర్ వదులైపోతుందని. తర్వాత నేను. ఇప్పుడు బల్ల కింద రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి, రెండిటి మీదా తెల్ల టేపు అంటించి ఆయన చేత్తో తెలుగులో రాశారు: "గీత ఉన్నవి", "గీత లేనివి".