బిళ్ళగన్నేరుకి వెర్రి తెగులు

ఆదివారం. వానలు తగ్గి రెండు రోజులుగా ఎండ కాస్తోంది.

పొద్దున్నే అమ్మ పూజకి పూలు కోద్దామని మేడ మీదికెళ్ళి సగం సజ్జతో దిగొచ్చింది. "ఆ తెల్ల బిళ్ళగన్నేరుకి ఏమొచ్చిందే? చెట్టేమో గుబురుగా ఉంది, ఒక్క పువ్వూ లేదు. కాస్త వర్మీకంపోస్టు వెయ్యి" అంది.

గుబురుగా ఉందనగానే నాకు అనుమానం వచ్చింది. వెళ్ళి చూస్తే అనుకున్నంతా అయింది. పక్క కుండీల్లో గులాబీ రంగువి నిగనిగలాడే ఆకులతో, కొమ్మ కొమ్మకీ పూలతో మామూలుగానే ఉన్నాయి. దీనికి మాత్రం కణుపు కణుపుకీ పిలకలు, వాటి నిండా పాలిపోయిన చిట్టి ఆకులు, చీపురు కట్టలాగా. మొగ్గలు విచ్చుకున్నాయి గానీ వాటిని పూలనలేం. ఒకటి తుంచి అరచేతిలో పెట్టుకున్నాను. రేకులు అయిదూ ఉన్నాయి, కానీ తెలుపు లేదు. సన్నగా, ఆకుపచ్చగా, మధ్యలో ఈనెతో సహా అచ్చంగా ఆకులే. నడుమ నుంచి ఇంకో బుల్లి చిగురు పొడుచుకొస్తోంది.

వెర్రి తెగులే. నువ్వు చేలల్లో, వంగ తోటల్లో వచ్చేదీ ఈ జాతిదే. తాతయ్య అలాంటి మొక్క కనిపిస్తే ఆలోచించేవాడు కాదు, పీకి కాల్చేసేవాడు.

దీనికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. బ్యాక్టీరియాలాంటిదే, కాకపోతే కణకవచం ఉండదు. ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసే నాళాల్లో కాపురం పెడుతుంది. 1967 దాకా దీన్ని వైరస్ అనే అనుకున్నారు. ఆ ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అసలు సంగతి పట్టుకున్నారు. మోసుకొచ్చేవి దీపపు పురుగులు. ఆకు కదిపితే పక్కకి పక్కకి నడుస్తాయే, అవి. జబ్బు మొక్క రసం పీల్చిన పురుగులో అది పెరుగుతుంది, కొన్ని వారాలకి ఆ పురుగు తాను రసం పీల్చే మొక్కలకి అంటించడం మొదలుపెడుతుంది, బతికున్నంత కాలం.

తమాషా ఏమిటంటే, ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఈ జబ్బు మీద పని చేసేవాళ్ళు దాన్ని బతికించి ఉంచుకునేది ఎక్కువగా బిళ్ళగన్నేరులోనే. వేరే మొక్కల రసం పీల్చి బతికే బంగారుతీగని రెంటికీ అల్లించి, జబ్బు మొక్క నుంచి దీంట్లోకి ఎక్కిస్తారు. క్యాన్సర్‌కి విన్‌క్రిస్టిన్ అనే మందిచ్చే మొక్కే, దాని జబ్బుకి మాత్రం మందు లేదు. టెట్రాసైక్లిన్ ఇస్తే లక్షణాలు తగ్గుతాయి, ఆపితే మళ్ళీ మొదలు. కుండీ మొక్కకి యాంటీబయాటిక్ ఏమిటి, అర్థం లేని పని.

పీకేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "పచ్చగా కళకళలాడుతోంది కదా! వేపనూనె కొట్టి చూడు." మా ఇంట్లో వేపనూనె సర్వరోగ నివారిణి. పురుగు మీద పనిచేస్తుంది గానీ నాళంలో కూర్చున్నదాన్ని ఏం చేస్తుంది? పైగా దీని కొమ్మ ఒకటి పక్కింటి పిన్నిగారికి ఇస్తానని మాటిచ్చిందట. కొమ్మతో పాటే జబ్బూ వెళ్తుందమ్మా అన్నాక మెత్తబడింది. పిన్నిగారి దగ్గర మాట పోతుందనే భయం ముందు మొక్క మీద జాలి నిలవలేదు. పీకి కవర్లో కట్టేశాను.

చేతికి మట్టి ఎలాగూ అంటింది కదా అని మిగతావీ చూశాను. బంతి ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు. తెల్ల కాగితం మీద కొమ్మ దులిపితే నలుసులు కదిలాయి: ఎర్రనల్లి. ఇది నయం, కళ్ళకి కనిపించే శత్రువు. పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టాను. రెండు మూడు రోజులకోసారి కొడుతూ ఉంటే చాలావరకు లొంగుతుంది. లొంగకపోతే గంధకం.

సాయంత్రం కడియం మొక్కల బండి వచ్చింది. అమ్మ మళ్ళీ తెల్ల బిళ్ళగన్నేరే అడిగింది. నేను నారు మొక్కలు ఒక్కొక్కటీ తిరగేసి చూస్తుంటే బండబ్బాయి విసుక్కున్నాడు. "ఆ కుండీలో మట్టి మార్చాలా?" అంది అమ్మ. అక్కర్లేదు, ఆ జీవి మట్టిలో బతకదు, దానికి మొక్కైనా పురుగైనా కావాలి. పాత వేళ్ళు ఏరేసి అదే కుండీలో నాటాను. పక్క కుండీలో వంగ మొక్క కూడా ఉంది, రేపు దాని ఆకులు చూడాలి.