ఆయాసం కేసుల కోసం అడ్వాన్స్‌డ్ కోర్సు: ఒక నర్సుగా నా అనుభవం

మాది పలాస వైపు, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఓపీలో ఆయాసం కేసులకి కొదవ లేదు. జీడి బట్టీల పొగలో పనిచేసినవాళ్లు, కట్టెల పొయ్యి ముందే వయసైపోయిన ఆడవాళ్లు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మలు, అందరికీ చీటీ మీద ఒకటే మాట ఉంటుంది, ఉబ్బసం అని. నెబ్యులైజర్ పెడతాం, కాస్త తేలికపడి వెళ్తారు, మళ్లీ వస్తారు. నిజంగా ఎవరికి ఆస్తమా, ఎవరికి సీఓపీడీ (పొగ వల్ల ఊపిరితిత్తుల గాలిగొట్టాలు ఇరుకై, పూర్తిగా తగ్గని జబ్బు) అన్నది తేల్చడం నేర్చుకోవాలనే ఈ కోర్సులో చేరాను. సగం ఆన్‌లైన్, ప్రాక్టికల్స్ విశాఖపట్నంలో, ఆ తర్వాత లాగ్‌బుక్, అంటే మనం చేసిన కేసులు రాసి డాక్టరు సంతకం చేయించే పుస్తకం, చివర్లో పరీక్ష. ఫీజు సొంత డబ్బే.

ఆన్‌లైన్ పాఠాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, డ్యూటీ అయ్యాక నిద్ర కళ్లతో విన్నవే ఎక్కువ. ఒక్క ఆక్సిజన్ పాఠం మాత్రం ఎవరూ వదలకూడదు. సీఓపీడీ ఉన్నవాళ్లకి సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు, 98కి తెచ్చేద్దామని ఆక్సిజన్ ఎక్కువ పెడితే కొందరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా అయిపోతారు. మన వార్డుల్లో అంకె పెరిగితే అందరం సంతోషిస్తాం కదా, అదే ఇక్కడ ప్రమాదం.

అసలు కష్టం స్పైరోమెట్రీ దగ్గర మొదలైంది, అంటే మెషీన్‌లోకి ఊదించి ఊపిరి ఎంత, ఎంత వేగంగా వస్తోందో కొలిచే పరీక్ష. మెషీన్ సంగతి సులువే, 3 లీటర్ల సిరంజితో కాలిబ్రేషన్ చూసుకోవడం, ముక్కుకి క్లిప్పు, కొత్త మౌత్‌పీస్, అంతే. పేషెంటు చేత ఊదించడమే పని. నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, గ్రాఫు చదునయ్యేదాకా ఆపకుండా ఊదుతూనే ఉండాలి. అలాంటివి మూడు మంచివి రావాలి, వాటిలో మెరుగైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు, ఎనిమిది సార్లు ఊదినా రాకపోతే ఆ రోజుకి ఆపేయాలి. క్లాసులో మాలో మేం ఊదుకుంటే అన్నీ చక్కగా వచ్చేవి. పేషెంట్ల దగ్గరికొస్తే అలా కాదు, ఒక పెద్దావిడ రెండు సెకన్లు ఊది గొట్టం తీసేసి "ఊదేసినాను కదమ్మా, ఇంకేటి ఊదమంటావు" అంది. నాతో చదివినావిడ "పొయ్యి ఊదినట్టు ఊదు మామ్మా" అని చెప్తే ఇంకా పాడైంది, ఎందుకంటే ఊదుగొట్టం పట్టుకుంటే ఎవరైనా బుగ్గలతో చిన్న చిన్నగానే ఊదుతారు. మనం ముందు నిలబడి, మనమే ఊది చూపించి, ఊదు ఊదు ఇంకా ఊదు అని గొంతు పోయేలా అరవాలి, వేరే దారి లేదు. తర్వాత స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) 400 మైక్రోగ్రాముల సాల్‌బ్యుటమాల్, అంటే గాలిగొట్టాలు విచ్చుకునే మందు, ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఇదంతా. అప్పుడు కూడా మొదటి సెకనులో వదిలిన గాలి మొత్తం గాలిలో 70 శాతం కంటే తక్కువుంటే, లక్షణాలు కూడా కలిస్తే, సీఓపీడీ అనుకోవాలి. మందు తర్వాత ఊపిరి బాగా పెరిగితే ఆస్తమా వైపు చూడాలి. ఆ నిర్ణయం డాక్టరుదే, కానీ గ్రాఫు చెత్తగా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

బలంగా ఊదడం కొందరికి ప్రమాదం, అందుకే ఊదించే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఈమధ్య గుండెపోటు వచ్చిందా, కళ్లెలో రక్తం పడుతోందా, కంటి ఆపరేషన్ అయిందా. మన పల్లెల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లు చాలామంది, అడిగితేగాని చెప్పరు. రెండు వారాలు దాటిన దగ్గుంటే, టీబీ ఏమో తేలడానికి ముందు కళ్లె పరీక్షకే పంపాలి.

ఇన్‌హేలర్ల కేసులు రాయడం నాకు అన్నిటికంటే నచ్చింది. "మీ మందు నా ముందు వాడి చూపించండి" అనడమే, అంతకు మించి ఏం లేదు. స్ప్రే ఇన్‌హేలర్ నెమ్మదిగా పీల్చాలి, రోటాహేలర్ (క్యాప్సూల్‌లోని పొడి మందు పీల్చేది) గట్టిగా వేగంగా లాగాలి, జనం సరిగ్గా తిరగేసి చేస్తారు. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టేవాళ్లు అరుదు, స్టెరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించేవాళ్లు ఇంకా అరుదు. ఒకాయన రోటాహేలర్‌లో వేయాల్సిన క్యాప్సూల్‌ని నెలల తరబడి నీళ్లతో మింగేస్తున్నాడు, మందు పనిచేయట్లేదని డోసు పెంచమని వచ్చాడు!

లాగ్‌బుక్ దగ్గర మాత్రం టెన్షన్ పడ్డాను. మా ఆసుపత్రిలో స్పైరోమీటర్ లేదు. సెలవు రోజుల్లో శ్రీకాకుళం వెళ్లి, ఒక డాక్టరుగారి దయవల్ల అక్కడి పేషెంట్లతో పూర్తిచేశాను, ఆయన సంతకం కోసం సాయంత్రం ఓపీ ముగిసేదాకా బయట బల్ల మీద కూర్చునేదాన్ని. చివరి పరీక్షలో గ్రాఫులు చూపించి ఏది పనికిరాదో అడిగారు, మొదటి సెకనులో దగ్గు వచ్చినది పక్కన పెట్టాలి. పిల్లికూతలు, గరగరలు రికార్డులో వినిపించి పోల్చమన్నారు. పాసయ్యాను.

జీతం పెరగలేదు, పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు కూడా. చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టకముందే ఒకటి అడగండి, లాగ్‌బుక్‌కి కావాల్సిన పేషెంట్లని, మెషీన్‌ని వాళ్లే చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా అని. మనమే అంటే, సంతకం పెట్టే డాక్టరు ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి.